గొంగడి మూటలో గొంతు

ఆ ఇంట్లో మాట్లాడని మనుషులు ఇద్దరు. ఒకరికి గొంతు పోయింది, ఇంకొకరికి ఆచారం అడ్డొచ్చింది. ఆ ఇద్దరి వాటా మాటలు కూడా కలిపి కోటమ్మే మాట్లాడేది కాబట్టి ఇంట్లో మాటలకు కరువన్నది మాత్రం ఏనాడూ లేదు.

గొంతు పోయినవాడు కోటమ్మ మొగుడు లక్ష్మీనరసయ్య. పుల్లలచెరువు దాటి నల్లమల అంచున ఉన్న ఆ పల్లెలో గొర్రెలు కాసేవాళ్లలో పెద్దవాడు. ఆచారం అడ్డొచ్చింది కోడలు రమణికి. కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన వాకిట్లో ఉంటే తను తలుపు చాటున ఉండాలి. చెప్పాల్సింది అత్తకు చెబితే అత్త మామకు చెబుతుంది. ఊళ్లో తక్కిన ఇళ్లలో ఈ పద్ధతి ఎప్పుడో అటకెక్కింది, కోడళ్లు మామల చేత ఫోన్లకు రీచార్జులు కూడా చేయించుకుంటున్నారు. కోటమ్మ మాత్రం వదల్లేదు. తను కోడలిగా ఉన్నన్నాళ్లూ నోరు కట్టుకుని బతికింది మరి, ఆ బాకీ ఎక్కడో ఒకచోట తీరాలి కదా.

నిజం చెప్పాలంటే రమణికి ఇదంత కష్టంగా తోచలేదు. గిద్దలూరు బజారులో పెరిగిన పిల్ల, ఈ అడవి పక్క ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో పొయ్యి ముందు కూర్చుని పొగ మీద నెపం పెట్టి ఏడ్చేది. అది ఎవరూ చూడలేదనుకుంది. కానీ ఆ వారం నుంచీ వంటింటి కిటికీలో రోజూ సాయంత్రం ఏదో ఒకటి ఉండేది. ఒకరోజు మొర్రిపండ్లు, ఒకరోజు సీతాఫలాలు, ఒకరోజు తువ్వాలు కొంగులో కట్టిన రేగుపండ్లు. పెట్టింది ఎవరో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

అదీగాక మామ గొంతు ఆమెకు బాగా తెలుసు. పొద్దు వాలే వేళకు గుట్ట మీద నుంచి ఆయన మందను మళ్లిస్తూ పెట్టే కేక ఊరంతా వినిపించేది. "హోయ్ హో... దా, దా, దా!" అని మొదలై చివరకు పాటలాగా సాగేది. ఆ కేక వినపడగానే రమణి పొయ్యి మీద స్నానానికి నీళ్లు పెట్టేది. మంద దొడ్లోకి చేరి, తడిక బిగించి, ఆయన వచ్చేసరికి నీళ్లు సరిగ్గా కాగేవి. మామాకోడళ్ల మధ్య ఆ ఒక్క సంభాషణ మాత్రం కోటమ్మ మధ్యవర్తిత్వం లేకుండానే నడిచేది.

అట్లాంటి గొంతు పోయింది. మెడ మీద గడ్డ పెరిగితే ఆపరేషను చేయించారు. గడ్డ పోయింది, మనిషి నిలబడ్డాడు, గొంతు మాత్రం తిరిగి రాలేదు. వెయ్యి మందిలో ఎవరికో ఒకరికి అట్లా అవుతుందని డాక్టరు చెప్పాడు. ఆ ఎవరికో ఒకరికి అరవై డెబ్బై గొర్రెలున్నాయని ఆయనకేం తెలుసు. ఇప్పుడు లక్ష్మీనరసయ్య మాట్లాడితే గాలి మాత్రమే వచ్చేది. చెవి నోటి దగ్గర పెడితే గానీ మాట తెలిసేది కాదు.

గొర్రెకు మనిషి మొహంతో పని లేదు, కేకతోనే పని. కేక లేని మంద నెలలోపే చెల్లాచెదురైపోయింది. ఒక మధ్యాహ్నం అది వెంకటసుబ్బయ్య కంది చేలో పడింది. ఆ చేనుకు ముందురోజే పురుగుమందు కొట్టారు. లక్ష్మీనరసయ్య కర్ర ఊపుతూ, నోరు తెరిచి గాలి వదులుతూ చేను చుట్టూ పరిగెత్తాడు. ఒక్క గొర్రె కూడా తలెత్తి చూడలేదు. సాయంత్రానికి రెండు గొర్రెలు నురగ కక్కి చచ్చిపోయాయి. తక్కినవి దొడ్లో పడి మూలుగుతూ నాలుగైదు రోజులు మేత ముట్టలేదు. ఊళ్లో ఉన్న పసరులన్నీ పోసి ఎట్లాగో బతికించుకున్నారు.

కొడుకు నరేష్ ఇక లాభం లేదన్నాడు. అతను ట్రాక్టరుకు ట్యాంకరు తగిలించి నీళ్లు తోలుతాడు. మోటు మాట, మెత్తని మనసు.

"నాయనా, జీవాలు పోతే పోయినాయి. నువ్వు ఒక్కడివే ఆ గుట్టల్లో తిరుగుతుండావు. చిరుత అడ్డమొస్తే కేక గూడ పెట్టలేవు. యల్లయ్యకు చెప్పినా, గురువారం వచ్చి మంద మొత్తం తోలుకపోతాడు" అన్నాడు.

యల్లయ్య మాంసం కొట్లకు గొర్రెలు కొనుక్కుపోయే మనిషి. లక్ష్మీనరసయ్య విన్నాడు. తల ఊపాడు. గొంతున్న రోజుల్లోనైతే ఇల్లు ఎగిరిపోయేది.

ఆ మధ్యాహ్నం రమణి కట్టెల కోసం దొడ్డి వైపు వెళ్లింది. లోపల మామ గొంతుక్కూర్చుని ఉన్నాడు. బొల్లి మొహం రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. బొల్లి అంటే మందకు ముందు నడిచే గొర్రె, మెడలో గంట ఉండేది దానికే. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏదో చెబుతున్నాడు, చెబుతూనే ఉన్నాడు. బొల్లి చెవులు ఊపుకుంటూ ఎటో చూస్తోంది. కాసేపటికి ఆయన దాన్ని వదిలి తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

రమణి కట్టెలు తీసుకోకుండానే వెనక్కి వచ్చేసింది. లోపలికి పోయి గిద్దలూరులో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది.

ఆమె తండ్రి నాగరాజు ఒకప్పుడు టేపురికార్డర్లు, రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు బాగుచేయించుకునేవాళ్లు లేక అదే దుకాణంలో ఫోను కవర్లు అమ్ముతున్నాడు. రమణి చిన్నతనమంతా ఆ దుకాణంలో, సీసం కరిగే పొగ వాసనలో గడిచింది. బడి నుంచి వచ్చి తండ్రి పక్కన కూర్చుని తీగలు అతికేది.

"నాయనా, గుసగుసగా మాట్లాడినా గుట్ట దాకా వినపడాల. అట్లాంటి యాంప్లిఫయర్ నేను చేయగలనా?"

"నువ్వు చేయలేకపోతే ఇంగెవురు చేస్తారే? అయినా దేనికమ్మా?"

చెప్పింది. నాగరాజు అంతా విని అడిగాడు.

"బళ్లో టీచర్లు నడుముకు కట్టుకుంటారు చూడు, అట్లాంటిది కొనలేకపోయినారా?"

"మా ఆయన తెచ్చినాడు నాయనా. అది వాకిలి దాటి వినపడదు. గాలొస్తే అదీ లేదు."

"సరే, కిట్ పంపుతా. బోర్డు, ఐసీ, కెపాసిటర్లు అన్నీ ఉంటాయి. నా దగ్గర పాత హారన్ గూడ ఉంది, కూరగాయల ఆటోలకు కడతారే, అట్లాంటిది. అతికించేది మాత్రం నువ్వే. పన్నెండు ఓల్టుల బ్యాటరీ ఉందా ఇంట్లో?"

రమణి చుట్టూ చూసింది. మూలన పురుగుమందు కొట్టే డబ్బా ఉంది, వీపుకు తగిలించుకునేది, పంపు కాలిపోయినా లోపల చార్జింగ్ బ్యాటరీ బాగానే ఉంది. "ఉంది నాయనా" అంది. డబ్బా మోయడానికి పట్టీలు కూడా ఉన్నాయి. మామ వీపున దాన్ని ఆ క్షణంలోనే చూసేసింది ఆమె.

కిట్ గిద్దలూరు నుంచి బస్సులో మార్కాపురం వచ్చింది. నరేష్ వెళ్లి తెచ్చాడు. తెచ్చి, అట్టపెట్టె భార్య ముందు పెట్టి, "గురువారం లోపల మంద నాయన మాట వింటే ఉంచుకుందాం. వినకపోతే మళ్ల నన్ను ఏమనగూడదు" అన్నాడు. ఆ మాట భార్యతో అన్నాడు గానీ చూపు తండ్రి మీద ఉంది. లక్ష్మీనరసయ్య దానికీ తల ఊపాడు.

మర్నాడు రమణి అరుగు మీద గోనెపట్ట పరిచి పనిలో కూర్చుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టెలో చీరల అడుగున సోల్డరింగ్ ఐరన్ ఉంది. పెళ్లిలో పెట్టిన స్టీలు సామాను కంటే దాన్నే భద్రంగా దాచుకుంది. మామ వాకిట్లోకి రాగానే అలవాటు కొద్దీ లేవబోయింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, అరుగు చివర కూర్చున్నాడు. కోడలు అరుగు మీద, మామ అరుగు చివర. కోటమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఏదో అనబోయి, మొగుడి మొహం చూసి, తన ధర్మం తను నెరవేరుద్దామని ఇద్దరి మధ్యా చతికిలబడింది.

"అత్తా, ఈ బోర్డు కదలకుండ పట్టుకోమను మామను."

"యోవ్, బోర్డు కదలకుండ పట్టుకో అంటుంది పిల్ల."

ఆయన కోడలికి మూరెడు దూరంలో ఉన్నాడు. చెవులకు ఏ ఆపరేషనూ కాలేదు. అయినా కోటమ్మ చెప్పాకే చెయ్యి చాపాడు. పద్ధతి పద్ధతే.

కాసేపటికి రమణి చిక్కులో పడింది. రెసిస్టర్ల కాళ్లు దారప్పోగుల్లా ఉన్నాయి, వేళ్లతో పట్టుకుంటే కాలుతున్నాయి. పట్టకారు లాంటిది తేవడం మరిచిపోయింది. ఆమె వేలు నోట్లో పెట్టుకోవడం చూసి లక్ష్మీనరసయ్య మొలతాడుకు వేలాడే చిమటా తీశాడు. కాళ్లలో దిగిన ముళ్లు తీసుకోవడానికి గొర్రెలు కాసేవాళ్లు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకుంటారు. పంచె అంచుకు తుడిచి, గోనెపట్ట మీద ఆమె వైపు జరిపాడు. అది చేతికి ఎంత బాగా అమరిందంటే తండ్రి దుకాణంలోని పట్టకారు కూడా అంత బాగా అమరలేదు ఆమెకు. రెండు ముక్కలు అతికాక దాన్ని మళ్లీ ఆయన వైపే జరిపింది. ఆ పూటంతా మామ చిమటాతో పట్టుకోవడం, కోడలు సీసం అతకడం. సాయంత్రానికి ఆయన ఏ ముక్కకు ఎప్పుడు చిమటా వేయాలో చెప్పకుండానే వేస్తున్నాడు. కోటమ్మకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. విసుక్కుని గొర్రెపిల్లలకు ఆకు వేయడానికి పోయింది.

మరుసటి రోజు పొద్దున్నే అసలు పరీక్ష. ఊళ్లోకి నీళ్ల ట్యాంకరు వచ్చిందని కోటమ్మ బిందెలు తీసుకుని వీధి చివరికి వెళ్లింది. రమణి తొందరపడకుండా నాయన నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టింది. బ్యాటరీకీ బోర్డుకూ మధ్య ట్రాక్టరు ఇండికేటరు బల్బు ఒకటి కలిపింది. అతుకుల్లో ఎక్కడైనా తప్పుంటే బల్బు భగ్గున వెలిగి ఊరుకుంటుంది, బోర్డు కాలదు. తీగ ఆనించింది. బల్బు ఒక్కసారి మెరిసి, మెల్లగా ఆరిపోయింది. ఆమె ఊపిరి వదిలింది. పక్కన మామ కూడా వదిలాడు. ఎందుకో ఆయనకు తెలియదు, ఆమె వదిలింది కాబట్టి వదిలాడు.

బల్బు తీసేసి, హారన్ కలిపి, మైకు తీగ రావలసిన చోట చూపుడు వేలు ఆనించింది. హారన్ "బుర్ర్ ర్ ర్" మని మూలిగింది. బోర్డుకు ప్రాణం వచ్చిందనడానికి నాగరాజు దుకాణంలో అదే గుర్తు. మనిషి ఒంటి తడి తగిలితే చాలు, అది పలుకుతుంది.

లక్ష్మీనరసయ్య ఆమె వేలి వైపు, హారన్ వైపు మార్చి మార్చి చూశాడు. రమణి ఆయనకూ చెయ్యి పెట్టమని సైగ చేసింది. ఆయన బెదురుతూ వేలు ఆనించాడు.

బుర్ర్ ర్ ర్.

వేలు తీశాడు. మళ్లీ పెట్టాడు. బుర్ర్ ర్ ర్. ఆయన మొహం విచ్చుకుంది. నోరంతా తెరిచి నవ్వాడు, చప్పుడు లేకుండా. ఆపరేషను తర్వాత ఆయన నవ్వగా ఆమె చూడటం అదే మొదలు. రమణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసం పొగ అనుకుంటే అనుకోనీ అని తుడుచుకోలేదు.

మైకు అతికింది. ఇప్పుడు ఎవరో ఒకరు మాట్లాడాలి. ముందే గాలిలాంటి గొంతు పెడితే తప్పు బోర్డులో ఉందో గొంతులో ఉందో తెలియదు. మంచి గొంతుతో ఒకసారి సరిచూసుకోవాలి. కోటమ్మ ఉంటే ఆ పని క్షణంలో అయ్యేది, అసలు ఆమెకు దేవుడే మైకు లోపల బిగించి పంపాడు. కానీ కోటమ్మ ట్యాంకరు దగ్గరుంది. వాకిట్లో ఉన్నది మామ, తను, అంతే.

రమణి గోడ వైపు తిరిగింది. కొంగు తల మీదికి లాక్కుంది. మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"హలో" అంది. హారన్ నిండుగా పలికింది. "హలో... మైక్ టెస్టింగ్... హలో, నేను రమణిని..."

తర్వాత ఏమనాలో తోచలేదు. "నేను రమణిని" అని మళ్లీ అంది.

వీధిలో కోళ్లు చెదిరాయి. ఆమె వెనక్కి తిరిగేసరికి మామ తల వంచుకుని వింటున్నాడు. కాపురానికొచ్చి ఏడాది దాటింది. ఆ పిల్ల గొంతు తన కోసమని ఆయన చెవిన పడటం అదే తొలిసారి. తల ఎత్తి చెయ్యి చాపాడు. ఆమె మైకు ఇచ్చింది. పెదవులకు ఆనించి పెట్టుకోవాలని, హారన్ మొహం అటువైపు ఉంచాలని, లేకపోతే అది కుయ్యిమని కూస్తుందని సైగలతోనే చెప్పింది.

ఆయన ఏమనాలా అని ఆలోచించినట్టున్నాడు. చివరకు మైకు పెదవులకు ఆనించి ఒక్క మాట అన్నాడు.

"కోటమ్మా..."

గరగరమంటూ, గాలి కలిసి, ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు వచ్చింది మాట. కానీ అది ఆయన సాగదీసే తీరే. వీధి చివర బిందె పడిన చప్పుడు వినిపించింది. కోటమ్మ పరుగున వచ్చింది, కొంగు జారి, కాళ్లు తడిసి. గుమ్మం దాకా వచ్చి కూలబడింది.

"నలుగురిలో పేరు పెట్టి పిలుస్తావా, సిగ్గు లేదా నీకు" అంటూ ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, "ఇంగోసారి పిలువు" అంది.

ఆయన ఇంకోసారి పిలిచాడు. ఆమె మళ్లీ ఏడ్చింది. తేరుకున్నాక కోడలి వైపు తిరిగింది.

"నువ్వు గూడ మాట్లాడినావంట గదా? వీధంతా విన్నారు."

"మైకుతో మాట్లాడినా అత్తా. మామతో గాదు."

కోటమ్మ ఆలోచించింది. అత్తగారు నేర్పిన పద్ధతుల్లో మైకు సంగతి ఎక్కడా లేదు. అందుకని ఊరుకుంది.

ఇక మిగిలింది అంతా ఒకచోట కూర్చడమే. మందు డబ్బాను కోటమ్మ కుంకుడు రసంతో, చింతపండుతో, బూడిదతో తోమింది. ఎండలో బోర్లించింది. రమణి బోర్డును, బ్యాటరీని లోపల తీగతో కట్టి, హారన్‌ను మూత మీద బిగించింది. అదంతా అయ్యేసరికి గురువారం రానే వచ్చింది.

యల్లయ్య పొద్దున్నే వ్యానుతో దిగాడు. మంచి మనిషే, టీ తాగుతూ కోటమ్మ కష్టసుఖాలు కూడా అడిగాడు. నరేష్ తెల్లవారకముందే మందను గుట్ట కింద బీట్లోకి తోలి వదిలాడు. గట్టు మీద అందరూ నిలబడ్డారు. లక్ష్మీనరసయ్య డబ్బా వీపుకు తగిలించుకుని, పెండ్లికొడుకంత బిగుసుకుని బీట్లోకి నడిచాడు. మందకు చాలా దూరంలో ఆగి మైకు పెదవులకు ఆనించాడు.

"హోయ్ హో... దా, దా, దా!"

గుట్ట తిరిగి పలికింది. మందలో తలలు ఒక్కసారి లేచాయి. బొల్లి చెవులు నిక్కించింది. "అదీ!" అన్నాడు నరేష్, తనకు తెలియకుండానే. బొల్లి గంట మోగింది, అది పరుగెత్తింది, దాని వెనక మందంతా దుమ్ము లేపుకుంటూ వచ్చింది. రమణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయనకు పది బారల దూరంలో బొల్లి ఠక్కున ఆగింది. ముక్కు ఎగబీల్చింది. వెనక్కి తిరిగింది. మంద దాని చుట్టూ ముద్దగా చేరి, వచ్చిన దారినే చెదిరిపోయింది.

ఆయన మళ్లీ పిలిచాడు. మళ్లీ వచ్చాయి, మళ్లీ అక్కడిదాకా వచ్చి బెదిరి పోయాయి. మూడోసారి పిలిచేసరికి ఆ గరగర గొంతులో పాట పోయింది, వేడుకోలు మిగిలింది. గట్టు మీద ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"గొంతు మారిపాయె గదా. జీవానికి తెలిసిపోతాది" అన్నాడు యల్లయ్య మెల్లగా, తప్పు తనదైనట్టు.

లక్ష్మీనరసయ్య డబ్బా విప్పి పక్కన పెట్టాడు. నాలుగడుగులు అవతలికి నడిచి రాతి మీద కూర్చున్నాడు. కాసేపటికి గట్టు వైపు చూసి, కర్ర ఎత్తి, యల్లయ్యకు రమ్మని సైగ చేశాడు. తోలుకపొమ్మని. యల్లయ్య గట్టు దిగాడు.

రమణి చూపు మాత్రం బొల్లి మీద ఉంది. అది ఒంటరిగా వెనక్కి వచ్చింది. డబ్బాకు దూరంగా చుట్టు తిరిగి, రాతి మీద కూర్చున్న మామ దగ్గరికి చేరి, ఆయన మోకాలికి నుదురు రుద్దింది. ఆయన దాని మెడ నిమిరి, కడసారిగా అనుకున్నాడేమో, లేచి డబ్బా అందుకున్నాడు. పట్టీ భుజాన పడిందో లేదో బొల్లి చీది వెనక్కి దూకింది.

కంది చేను. నురగలు. దొడ్లో పడి మూలిగిన మంద. రమణికి తల మీద ఎవరో మొట్టినట్టయింది. కుంకుడు రసంతో కడిగితే మనిషి ముక్కుకు తెలియకుండా పోయే వాసన, ఆ మందు తిని చావు అంచుదాకా పోయి వచ్చిన గొర్రె ముక్కుకు తెలియకుండా పోతుందా?

యల్లయ్య సగం దూరం వెళ్లిపోయాడు. అత్తకు చెప్పి, అత్త మామకు చెప్పే తీరిక లేదు.

"మామా!"

ఆ అరుపుకు యల్లయ్య ఆగిపోయాడు. నరేష్ తల తిప్పాడు. కోటమ్మ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాట రాకపోవడం ఆ ఊరు ఎన్నడూ ఎరగదు.

రమణి గట్టు దిగి పరిగెత్తింది. కొంగు తల మీద లేదు, సర్దుకోవాలనీ తోచలేదు.

"మామా, గొంతు గాదు! నీ గొంతు బాగనే ఉంది. డబ్బా మామా! మందు డబ్బా వాసనకు బెదురుతుండాయి. నువ్వు తీసి పెడితే వస్తుండాయి, తగిలించుకుంటే పోతుండాయి. చూడు!"

లక్ష్మీనరసయ్య డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి కోడలి వైపు చూశాడు. ఏ పరదా లేకుండా, ఎవరి మధ్యవర్తిత్వమూ లేకుండా, తిన్నగా చూశాడు. అప్పటికే ఆమె చతికిలబడి మూత విప్పుతోంది. ఆయన భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచాడు. ఎన్నో ఏళ్లుగా వానకు, ఎండకు, ఈనిన పిల్లలను చుట్టి తేవడానికీ వాడిన గొంగడి అది. ఆమె తీగలు విప్పి బోర్డును, బ్యాటరీని దాని మధ్యలో పెట్టింది. హారన్ మూతి బయటికి ఉంచి ఇద్దరూ కలిసి మూట బిగించారు. తర్వాత ఆయన చేసిన పని ఆమెకు తట్టనిది. డబ్బా ఆనిన చొక్కా విప్పి దూరంగా గిరాటేసి, గుప్పెడు పెంటమన్ను తీసి తన చేతులకు, భుజాలకు రుద్దుకున్నాడు. మరో గుప్పెడు తీసి ఆమె ముందు పట్టాడు. ఆమె కూడా చేతులకు రుద్దుకుంది.

మూట భుజాన వేసుకుని ఆయన లేచాడు. మైకు పెదవులకు ఆనించాడు.

"హోయ్ హో... దా, దా, దా!"

బొల్లి వచ్చింది. పది బారల దూరంలో ఆగింది. ముక్కు ఎత్తింది. రమణి ఊపిరి బిగబట్టింది. బొల్లి ఒకడుగు వేసింది, ఇంకొకటి వేసింది, వచ్చి గొంగడి మూటకు మొహం పెట్టి రుద్దుకుంది. దాని వెనకే మందంతా వచ్చి పడింది. ఆయన నడుము దాకా గొర్రెలే, మధ్యలో ఇరుక్కుపోయి కోడలు కూడా ఉంది. ఒక పిల్ల ఆమె కొంగు నమలడం మొదలుపెట్టింది.

యల్లయ్య కాసేపు నిలబడి చూశాడు. "నరేషూ, వీటిని నేను తోలుకపోయినా ఆ కేక ఇంటే వ్యాను దూకి వచ్చేటట్టుండాయి" అని నవ్వి వ్యాను వైపు నడిచాడు. నరేష్ గట్టు దిగి వచ్చాడు. నాయన గిరాటేసిన చొక్కా తీసి దులిపి భుజాన వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక కోటమ్మ కోడలితో మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. అంతసేపు మాట్లాడకుండా ఉండటం తనకే చేతకాక, అన్నం వడ్డిస్తూ, "నీ గొంతు బాగనే ఉంది అన్నావు జూడు, ఆ మాట బాగుంది" అంది. ఆపైన కంట తడి పెట్టుకుంది.

సాయంత్రం రమణి వంటింట్లో ఉంది. ఆపరేషను తర్వాత మామ ఎప్పుడొస్తాడో తెలియక ఆమె అంచనా మీద నీళ్లు పెట్టేది. కొన్నిసార్లు మసిలిపోయేవి, ఎక్కువసార్లు చల్లారిపోయేవి. ఆయన ఏమీ అనకుండా ఆ చన్నీళ్లే పోసుకునేవాడు. ఈ పూట పెట్టాలా వద్దా అని ఆమె పొయ్యి వైపు చూస్తుండగా గుట్ట మీద నుంచి కేక వచ్చింది. మందను మళ్లించే కేక, పాటలాగా సాగేది. అది ఆగింది. కాసేపు గరగర. ఆ తర్వాత ఊరంతా వినేటట్టు, ఏ తలుపు చాటూ లేకుండా,

"అమ్మా రమణీ... నీళ్లు పెట్టు తల్లీ... వస్తుండా..."

వాకిట్లో కందులు చెరుగుతున్న కోటమ్మ చేట ఆపింది. గుట్ట వైపు చూసి, వంటింటి వైపు చూసి, "ఇంగ మధ్యలో నాకేం పని" అని మూతి ముడిచింది. ముడిచి, మెల్లగా, "పలకవేమే పిల్లా, ఆయన ఎదురుజూస్తుంటాడు గదా" అంది.

రమణి వాకిట్లోకి వచ్చింది. రెండు చేతులూ నోటి చుట్టూ దోసిలిగా పెట్టుకుంది.

"పెడుతుండా మామా!"

ఆ సాయంత్రం ఆయన తడిక బిగించి ఇంటికొచ్చేసరికి నీళ్లు సరిగ్గా కాగి ఉన్నాయి.